కేకవేయు అక్షరము

రేడియోలో మాటలాడువాడు గొంతు హెచ్చింపవచ్చును, తగ్గింపవచ్చును. ముఖ్యమైన మాటకు ముందు ఒక్క క్షణమాగి వినువారి చెవిని తనవైపు త్రిప్పుకొనవచ్చును. అచ్చువేయువానికి ఈ సౌకర్యము లేదు. వానికి గలది తెల్లని కాగితమును నల్లని సిరాయును మాత్రమే. ఐనను కాగితముమీద గూడ కొన్ని మాటలు మెల్లగను కొన్ని బిగ్గరగను వినబడుచునే యున్నవి. పంచాంగములోని సన్నని అక్షరము గొణుగును. సినిమా గోడపత్రికలోని అక్షరము వీధికి ఆవలిప్రక్కనుండి పిలుచును. అచ్చునకు ఈ కేక ఎప్పుడు పట్టుబడెను, ఎవరు నేర్పిరి, ఆ విద్య మన తెలుగు లిపికి ఎంతవఱకు అబ్బినది అను విషయమును శ్రోతలతో ఈ పూట ముచ్చటింప దలచితిమి. ఇందుకు ఒకే యొక అక్షరజాతిని ఎన్నుకొంటిమి. ముద్రాపకుల భాషలో దాని పేరు బోల్డు ఇటాలిక్ స్లాబ్ సెరిఫ్. పేరు పొడవైనదే గాని రూపము మీరెల్లరును ఎఱిగినదే.

రేడియోలో అక్షరమును చూపుటకు వీలులేదు గనుక శ్రోతలు దయచేసి వ్రేలితో అరచేతిలో గీసికొనవలెను. ఇంగ్లీషు పెద్ద అక్షరములలోని హెచ్‌ను తలచుకొనుడు. రెండు నిలువు రాటలు, నడుమ ఒక అడ్డదూలము. పుస్తకములలో వాడు సాధారణపు టైపులో ఈ రాటల పాదములయందును శిరస్సులయందును సన్నని కొసగీతలుండును. వానినే సెరిఫులందురు. ఆ సన్నని గీతకు బదులు రాటతో సమానమైన మందముగల పలకను పెట్టుడు, పందిరిరాట క్రింద రాతిపలక పరచినట్లు. అది స్లాబ్ సెరిఫ్. ఇపుడు రాటలను రెట్టింపు లావు చేయుడు. అది బోల్డు. పిమ్మట రాటలను మాత్రము కుడివైపునకు కొంచెము వాల్చుడు. పలకలు వాలరాదు, పంక్తివెంట అడ్డముగనే యుండవలెను. ఇదియే మన అక్షరము. లావు చేత అది కంటికి ఆనును. పలకల చేత గట్టిగ నిలుచును. వాలు చేత ముందునకు పరుగెత్తుచున్నట్లు తోచును. నిలకడయు పరుగును ఒక్కచోట కూడుట దీని విశేషము. పుస్తకమంతయు దీనితో కూర్చినచో పది పుటలకే కన్ను అలసిపోవును. శీర్షికలకును, ప్రకటనలకును, సరకుల పెట్టెలకును, ఆటగాండ్ర చొక్కాలకును తగిన అక్షరమిది. ఇట్టివానికి 'డిస్‌ప్లే టైపు' అని పేరు.

ఈ మూడు గుణములును ఒకే దినమున పుట్టినవి కావు. వాలు అన్నిటికంటె పెద్దది. వెనిసు నగరమున ఆల్డస్ మనూషియస్ అను ప్రకాశకుడు 1501లో వర్జిల్ మహాకవి కావ్యములను చిన్న ప్రమాణపు పుస్తకముగ వెలువరించినపుడు, ఫ్రాంచెస్కో గ్రిఫో చెక్కిన వాలు అక్షరములతో గ్రంథమంతయు కూర్పించెను. ఆనాటి పండితుల చేతివ్రాతకు అనుకరణమది. చిత్రమేమనగా అందు చిన్న అక్షరములే వాలినవి. పెద్ద అక్షరములు నిట్టనిలువుగనే యున్నవి. ఒక మాటను నొక్కి చెప్పుటకు వాలు అక్షరమును వాడుట తరువాతివారి ఏర్పాటు. ఇక లావు సంగతి. గుటెన్‌బర్గు కాలమునుండి మూడువందల యేండ్లకు పైగా ముద్రాపకునికి నేటి యర్థమున బోల్డు అక్షరమే లేదు. గట్టిగ చెప్పవలసినచోట వారు ఎఱ్ఱసిరా వాడిరి, పెద్ద టైపు వాడిరి, వాలు టైపు వాడిరి. అంతకు మించి గొంతు పెంచవలసిన యవసరము వారికి కలుగలేదు. పుస్తకమును చేతిలోనికి తీసికొన్నవాడు ఎట్లును చదువువాడే గదా.

ఆ యవసరము పంతొమ్మిదవ శతాబ్ది ఆరంభమున లండను వీధులలో కలిగెను. యంత్రముల మూలమున సరకు పెరిగెను, ఊరు పెరిగెను, గోడలు ప్రకటనలతో నిండెను. నాటకశాలలవారును, బండ్లు నడపువారును, మందులమ్మువారును, వీరందఱికంటె ముఖ్యముగ ప్రభుత్వ లాటరీ టికెట్లమ్మువారును దారినపోవువాని కన్ను పట్టవలసివచ్చెను. దారినపోవువాడు ఇంకను పాఠకుడు కాలేదు. వానిని మొదట ఆపవలెను, పిమ్మట చదివింపవలెను. అతిసున్నితమైన పుస్తకపు టైపు ఈ పనికి చాలలేదు. అప్పుడు రాబర్ట్ థారన్ మొదలగు పోతపనివారు నిలువుగీతలను ఉబ్బించి 'ఫ్యాట్ ఫేస్' అను లావు అక్షరములను పోసిరి. ఐతే వానియందు లావుగీత ఎంత లావో సన్నగీత అంత సన్నము. దూరమునుండి చూచినచో సన్నగీతలు మాయమై నల్లని కడ్డీలు మాత్రము మిగులును. 1817 ప్రాంతమున విన్సెంట్ ఫిగ్గిన్స్ తన నమూనా పుస్తకమున చూపిన అక్షరము ఈ లోపమును తీర్చెను. అందు గీతలన్నియు ఇంచుమించు ఒకే మందము, పాదములు పలకలు. ఆయన దానికి 'యాంటీక్' అని పేరిడెను.

థారన్ 1820లో మరణించిన పిమ్మట వాని పోతశాలను విలియం థరోగుడ్ కొనెను. లాటరీలో గెలిచిన సొమ్ముతో కొనెనని ముద్రణ చరిత్రకారులు చెప్పుదురు. లాటరీ కరపత్రములు పెంచి పోషించిన అక్షరములు లాటరీ సొమ్ముతోనే చేతులు మారుట మాకు కొంత వినోదముగ నున్నది. ఇంగ్లండులో ఆ లాటరీలు 1826తో ముగిసినవి. అక్షరములు మాత్రము నిలిచినవి.

థరోగుడ్ 1821లో వెలువరించిన నమూనా పుస్తకమున ఈ జాతికి 'ఈజిప్షియన్' అను పేరు కనబడును. ఈజిప్టు లిపికిని దీనికిని ఎట్టి సంబంధమును లేదు. నెపోలియను 1798లో ఈజిప్టుమీదికి దండెత్తిన తరువాతను, రొసెట్టా శిల 1802లో లండను చేరిన తరువాతను ఆ దేశపు పేరు ఇంగ్లండులో ఒక వేడుక యయ్యెను. క్రొత్తదియు మోటైనదియు ఏది కనబడినను ఆ పేరు తగిలించిరి. అంతకు ముందు 1816లో నాల్గవ విలియం కాస్లన్ 'ఈజిప్షియన్' అని చూపిన అక్షరమునకు అసలు పాదములే లేవు! 1821లో కాస్లన్ వారి పోతశాల సన్నముగ నుండవలసినచోట లావును, లావుగ నుండవలసినచోట సన్నమును పెట్టి 'ఇటాలియన్' అని మఱియొకటి వెలువరించెను. దానికిని మన ఇటాలిక్‌నకును చుట్టఱికము లేదు. పేర్లనుబట్టి రూపములను ఊహింపబోవువారు ఈ వ్యాపారమున తప్పక మోసపోవుదురు. పుస్తక ముద్రణమందు పెరిగిన పెద్దలు ఈ లావు అక్షరములను మెచ్చలేదు. థామస్ హన్సర్డ్ 1825లో ప్రకటించిన తన ముద్రణ గ్రంథమున వీనిని తీవ్రముగ నిందించెను. ఆయన కోపము సహజమే. గ్రంథాలయములో కూర్చున్నవానికి సంతలోని కేక వినసొంపుగ నుండునా?

పలకపాదపు అక్షరమునకు గోడలమీద రాజ్యము తెచ్చినది సీసము కాదు, కఱ్ఱ. పెద్ద అక్షరమును సీసముతో పోసినచో బరువెక్కువ, ఖర్చెక్కువ. చల్లారునపుడు మొగము సమముగ నుండక గుంటపడును. 1827లో న్యూయార్కున డేరియస్ వెల్స్ తిరుగు ఉలితో కఱ్ఱను తొలిచి అక్షరములు చేయు యంత్రమును వాడుకలోనికి తెచ్చి, మఱుచటి యేడు తన నమూనా పుస్తకమును వెలువరించెను. 1834లో విలియం లెవెన్‌వర్త్ దానికి పాంటోగ్రాఫును జతచేసెను. ఇక ఒక్క మూలచిత్రమునుండి చిన్నవి, పెద్దవి, వెడల్పువి, ఇఱుకువి ఎన్ని కావలసిన నన్ని కోయవచ్చును. కఱ్ఱలో సన్నగీత కొంతకాలమునకు విఱిగిపోవును. మందమైన పలక విఱుగదు. కావుననే సర్కసు ప్రకటనలు, స్టీమరు ప్రకటనలు, నాటకపు ప్రకటనలు మొదలగు అమెరికా గోడపత్రికలన్నిట ఈ జాతియే నిండెను.

1845లో లండనునందలి ఫాన్ స్ట్రీట్ పోతశాలలో రాబర్ట్ బెస్లీ వెలువరించిన 'క్లారెండన్' దీని పెద్దమనిషి రూపము. చెక్కినవాడు బెంజమిన్ ఫాక్స్. పలక రాటను కలియుచోట మూల మొఱటుగ నుండక కొంచెము వంపు తిరుగును. పుస్తకపు టైపు ప్రక్కన ఒక మాటను మాత్రము లావుగ చూపుటకు ఇది పుట్టినది. నిఘంటువులలోని ఆరోపములకు చక్కగ సరిపోయెను. ఇంగ్లీషు కంపోజిటర్ల నోట చాలకాలము 'క్లారెండన్' అన్నచో లావు అక్షరమని యే యర్థము. ఆనాటి చట్టము క్రింద బెస్లీ దీనిని మూడేండ్లకు రిజిస్టరు చేసికొనెను. గడువు తీఱినంతనే తక్కిన పోతశాలలవారు మీదపడి అనుకరించిరి. అక్షరరూపము ఒకని సొత్తా, అందఱి సొత్తా అను తగవు నాటినుండి నేటివఱకు తీఱలేదు.

ఇపుడు మన యసలు చిక్కునకు వత్తము. లావు అక్షరమును వాల్చుట చూచుటకు సులభమువలె నుండును. అట్టముక్కల పేకను బల్లమీద నిలిపి పైనుండి ప్రక్కకు త్రోసినట్లు త్రోసిన చాలునని తోచును. అట్లు చేసి చూచినవారికి తెలియును దాని కష్టము. ఇంగ్లీషు ఓ అక్షరమును తీసికొనుడు. అంతట సమాన మందముగల ఉంగరమది. దానిని కుడికి త్రోసినచో కుడివైపు పైమూలయు ఎడమవైపు క్రిందిమూలయు లావెక్కును. తక్కిన రెండు మూలలు సన్నబడును. ఉంగరము నలిగిన గాజువలె అగును. సన్న అక్షరమున ఇది అంతగ కనబడదు. లావు అక్షరమున దాచుటకు వీలుకాదు. చిత్రకారుడు లావెక్కినచోట చెక్కి, సన్నబడినచోట నింపి, ఉంగరమును మరల గుండ్రనిదిగ కన్నునకు తోపింపవలెను. రెండవది పాదముల చిక్కు. రాట వాలినపుడు పలకకు ఒకప్రక్క ఇఱుకుమూలయు ఒకప్రక్క విశాలమైన మూలయు ఏర్పడును. ఇఱుకుమూలలో సిరా చేరి నల్లని ముద్ద యగును. అచట పలకను కొంచెము కుఱుచ చేయవలెను. మూడవది సీసపు కాలమునాటి చిక్కు. టైపు దిమ్మె నలుచదరము, అక్షరము వాలినది. అక్షరపు తల దిమ్మెను దాటి ప్రక్క అక్షరముమీదికి వచ్చును. ఆ వ్రేలాడుభాగము ఒత్తిడికి విఱుగును. విఱుగకుండుటకు దిమ్మెలను ఎడముగ పేర్చినచో మాట పండ్లు ఊడిన నోరువలె నుండును.

ఇంకొక సూక్ష్మమున్నది. ఆల్డస్ నాటి వాలు అక్షరము నిలువు అక్షరమును వంచగా వచ్చినది కాదు. అది వేఱొక వ్రాత. దాని ఏ, దాని ఎఫ్ వేఱు రూపములు, కలము పరుగునుండి పుట్టినవి. పలకపాదపు అక్షరము కలమునుండి పుట్టలేదు. స్కేలు, కంపాసులనుండి పుట్టినది. అందుచేత దాని వాలు రూపము సాధారణముగ నిలువు రూపమును వాల్చి సవరించినదే. కొందఱు దీనిని లోపమందురు. మేము అట్లనజాలము. పరుగెత్తు కూలివానికి నాట్యమేల? సవరింపు మాత్రము చేతితో, కంటితో జరుగవలెను. ఆ సవరింపు గలదానిని లేనిదానిని ప్రక్కప్రక్కన పెట్టినచో అక్షరశాస్త్రము తెలియని యిల్లాలు గూడ ఏది మేలో చెప్పగలదు. ఎందువలననో మాత్రము చెప్పలేకపోవచ్చును.

ఇరువదవ శతాబ్దిలో ఈ జాతి మరల మేల్కొన్నది. 1929లో జర్మనీలో రుడాల్ఫ్ వుల్ఫ్ గీసిన మెంఫిస్, 1931లో అమెరికాలో మారిస్ ఫుల్లర్ బెంటన్ గీసిన స్టైమీ, 1934లో మోనోటైపు కంపెనీవారి రాక్‌వెల్ వరుసగ వచ్చినవి. 1947లో స్విట్జర్లాండునందలి హాస్ పోతశాల వెలువరించిన ప్రొఫిల్ అను అక్షరమును లెంజ్ సోదరులు గీసిరి. లావు, వాలు, పలకపాదములు మూడును గలిగి, ప్రక్కన నీడ గూడ తోడైన ఆ అక్షరము కాగితమునుండి పైకి లేచినట్లుండును. జార్జ్ ట్రంప్ గీసిన సిటీ అను పలకపాదపు అక్షరములే 1956లో పాల్ రాండ్ ఐ.బి.ఎమ్. కంపెనీకి దిద్దిన గుర్తునకు ఆధారము. మన రోడ్లమీద రాత్రిపూట హైదరాబాదునుండి విజయవాడకు పోవు వోల్వో బస్సుల మొగముమీది పేరు గూడ దీర్ఘకాలము ఈ జాతి అక్షరములతోనే కనబడినది. ఇంగ్లీషు చదువురాని కూలివాడు గూడ ఆ రూపమునుబట్టి బస్సును గుర్తుపట్టెడివాడు.

ఇక తెలుగు మాట. చేతికూర్పు కాలమున మన అచ్చుకూటములలో తెలుగు టైపుతో పాటు ఇంగ్లీషు టైపు గూడ ఉండెడిది. శుభలేఖలోను, నాటకపు కరపత్రములోను ఇంగ్లీషు పంక్తికి వాలు అక్షరము దొరకెడిది. తెలుగు పంక్తిని గట్టిగ చెప్పవలసినపుడు కంపోజిటరు పెద్ద పాయింటు టైపును గాని లావు టైపును గాని ఎత్తుకొనెడివాడు. వాలు తెలుగు అతని పెట్టెలో సామాన్యముగ నుండెడిది కాదు. లేకపోవుట వలన నష్టమని అప్పుడెవరును అనుకొన్నట్లు లేదు. కంప్యూటరు వచ్చిన పిమ్మట ఈ స్థితి మాఱినది. తెరమీద రెండు మీటలున్నవి. ఒకటి నొక్కినచో అక్షరము లావగును. రెండవది నొక్కినచో వాలును. ఆ రూపములు ముందుగ గీసి సిద్ధముగ లేకపోయినను యంత్రము తానే గీతలను ఉబ్బించి, తానే ప్రక్కకు త్రోయును. ఇంగ్లీషు అక్షరమునకు ఇది కొంతవఱకు చెల్లును. ఏలన దాని ఎముక రాట; రాట వాలినను రాటయే. తెలుగు అక్షరమునకు ఎముక వలయము. ఇందాక ఓ అక్షరమునకు చెప్పిన అవస్థ మన వర్ణమాలలో దాదాపు ప్రతి యక్షరమునకును పట్టును.

తలకట్టును చూడుడు. ఎడమ గీత పొట్టి, కుడి గీత పొడవు. స్వభావముచేతనే అది కుడికి సాగినది. దానిని ఇంకను కుడికి త్రోసినచో పొడుగుగీత ఇంచుమించు పడుకొనును, పొట్టిగీత నిలువగును. తలకట్టు తలకట్టువలె నుండదు. ఒత్తుల కష్టము ఇంతకంటె పెద్దది. ఇంగ్లీషు పంక్తి ఒక అంతస్తు ఇల్లనుకొన్నచో తెలుగు పంక్తి మూడంతస్తుల మేడ: పైన గుడి, నడుమ హల్లు, క్రింద ఒత్తు. యంత్రము పంక్తిని కీలుగ పెట్టుకొని త్రోయును. పైనున్నది కుడికి పోవును. క్రిందనున్నది ఎడమకు పోవును. 'చెట్టు' అను మాటలోని ట ఒత్తు తన టకారమును విడిచి చెకారము క్రిందికి జరుగును. చదువువాడు అలవాటుచేత సర్దుకొని చదువును గాని, పరుగెత్తు వాహనమునుండి చూచువానికి సర్దుకొనుటకు వ్యవధి యేది?

లావు చేయుటలో గూడ ఇట్టి యాపదయే యున్నది. థకారమునకును ధకారమునకును భేదము కడుపులోని చుక్క. గీతను యంత్రము ఉబ్బించినపుడు కడుపు మూసికొనిపోయి చుక్క అందులో కరగిపోవును. ఒక్క చుక్కయే గదా యని ఉపేక్షింపరాదు. అర్థము వేఱు, అర్ధము వేఱు. అర్థశాస్త్రము కాస్త అర్ధశాస్త్రమగును. సగము ధరకు సరకు అమ్మెదమన్న వర్తకుని పటమును చూచినవాడు అది అర్ధమో అర్థమో తేల్చుకొనలేక నిలువబడును. నేడు బడిపిల్లలు 'కథ' వ్రాయవలసినచోట 'కధ' వ్రాయుచున్నారని ఉపాధ్యాయులు చింతించుచున్నారు. వీధిలో నిత్యము కంటబడు అక్షరములు ఆ భేదమును చూపకున్నపుడు పిల్లలను మాత్రమే తప్పుపట్టుట న్యాయముగ తోచదు.

వాలు, లావు, నీడ మన కన్నునకు సరిపడవని మా యభిప్రాయము కాదు. ప్లాస్టిక్ పటములు వీధులను ఆక్రమింపకముందు బోర్డులు వ్రాయువారు ఈ మూడింటిని చక్కగ సాధించిరి. సుద్ద పూసిన దారముతో గోడమీద గీతలు కొట్టి, బొగ్గుతో అక్షరపు పోలిక దిద్ది, కుంచె పట్టెడివారు. లారీల వెనుక చెక్కమీద పసుపు అక్షరము, దానికి ఎఱుపు నీడ, ముందునకు ఉఱుకుచున్నట్లు వాలు. దగ్గఱకు పోయి చూచినచో అందలి రహస్యము తెలియును. సున్నను నిలువుగనే ఉంచి, దాని తోకను మాత్రము వాల్చెడివారు. తలకట్టును కుఱుచ చేసెడివారు. ఒత్తును తల్లి అక్షరము క్రిందనే కూర్చుండబెట్టెడివారు. లావుగీతను కడుపులోనికి కాక వెలుపలికి పెంచెడివారు. చుక్కకు చోటు మిగిలెడిది. లండనులో పలకపాదపు అక్షరమును వాల్చిన చిత్రకారుడు ఓ అక్షరమునకు చేసిన ఉపచారమునే, అతని పేరైన వినకుండ, వీరు మన అక్షరములన్నిటికిని చేసిరి. ఇట్టి బోర్డులు ఇంకను అక్కడక్కడ మిగిలియున్నవి. ఊరిలో పాతబజారున తిరుగునపుడు శ్రోతలు ఒక్కసారి తలయెత్తి చూడవలెనని కోరుచున్నాము.

ఈ శతాబ్ది రెండవ దశాబ్దమున సిలికానాంధ్రవారు వెలువరించిన తెలుగు ఫాంటులలో 'రామభద్ర' అనునది శీర్షికలకు తగిన లావు అక్షరము. అది ఒక్క రూపముననే వెలువడినది. దానిని వాల్చువాడు మరల యంత్రముమీదనే ఆధారపడవలెను. నేటి ఫాంటుల శాస్త్రమున ఒక్కొక్క అక్షరమునకు, ఒక్కొక్క ఒత్తునకు వేఱువేఱుగ వాలు నిర్ణయించుటకు అడ్డేమియు లేదు. ఎవరైన పూనుకొని తెలుగునకు నిజమైన వాలు లావు అక్షరమును గీయదలచినచో అకారముతో ఆరంభింపక థకారముతో ఆరంభించుట మేలని తోచుచున్నది. దాని కడుపులోని చుక్క వీధికి ఆవలిప్రక్కకు కనబడినపుడు 'చెట్టు' క్రిందికి పోయి ఒత్తును చూడవచ్చును.